రంగు తీసేస్తే అతి దాగదు

చెన్నై మైలాపూర్‌లో కపాలీశ్వరాలయం కోనేటి గట్టు మీద ఆదివారం పొద్దున్నే కెమెరాలు పట్టుకుని చేరే మనవాళ్ల మధ్య ఈ మధ్య ఒక మాట వినబడింది. "హెచ్‌డీఆర్ మరీ ముదిరిపోయిందా? బ్లాక్ అండ్ వైట్ చేసెయ్ అన్నా, అంతా సర్దుకుంటుంది." చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుగులో, ఎక్కువ వెలుగులో కొన్ని ఫ్రేములు తీసి, నీడా ఎండా రెండూ కనబడేలా ఒకే బొమ్మలోకి కలిపి కుదించడం. ఈ సలహా కొత్తదేమీ కాదు. రంగులు గొంతు చించుకుంటున్నాయి కాబట్టి వాటి నోరు మూస్తే గొడవ సద్దుమణుగుతుందన్న ఆశ. వినడానికి సబబుగానే ఉంటుంది, చేసి చూస్తే ఎదురు తిరుగుతుంది.

అతి అంతా రంగులోనే ఉంటే ఆ సలహా పనిచేసేది. కానీ ముదిరిన హెచ్‌డీఆర్‌లో అసలు చెడేది వెలుగునీడల వరస. నీడలో ఉండాల్సిన గోడ ఎండలో ఉన్న గోడతో సమానంగా వెలుగుతుంది. ఆకాశం కంటే దాని కింద ఉన్న రోడ్డు తెల్లగా ఉంటుంది. రంగు ఉన్నంతసేపూ కన్ను దీన్ని క్షమిస్తుంది, ఎందుకంటే ఏది ఆకాశమో ఏది గోడో రంగే చెప్పేస్తోంది. రంగు పోయాక చెప్పడానికి మిగిలింది వెలుగునీడలు మాత్రమే. తప్పు చెప్పేవి కూడా అవే.

ఒక చిన్న ప్రదర్శనలో సరిగ్గా ఇలాంటి ప్రింటు ముందు ఒక పెద్దాయన చాలాసేపు నిలబడ్డాడు. పాత మండువా ఇంటి లోపలి నుంచి తీసిన బొమ్మ అది. ప్రతి దూలం, ప్రతి పెంకు, మూలన ఉన్న రోలుతో సహా అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. చివరికి ఆయన అడిగింది ఒకటే. "ఇది పొద్దున తీసిందా బాబూ, మధ్యాహ్నమా?" తీసినవాడు చెప్పలేక కాదు, బొమ్మ చెప్పలేకపోయింది. ఎండ ఎటు నుంచి పడుతోందో ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

గోపురం వెనక ట్యూబ్ లైటు

కపాలీశ్వరాలయం కోనేరు గుడికి పడమర వైపున ఉంటుంది. పొద్దున పడమటి గట్టు మీద నిలబడితే గోపురాలు ఎదురు వెలుగులో ఉంటాయి. హెచ్‌డీఆర్ వాడేవాళ్లకి ఇది పండగ, అందులో జరిగే తప్పు నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచి చోటు లేదు.

వెలుగు పరిధిని కుదించే టోన్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి చుక్కనీ దాని చుట్టుపక్కల సగటుతో పోలుస్తుంది. చుట్టూ చీకటిగా ఉంటే లేపుతుంది, వెలుగుగా ఉంటే తొక్కుతుంది. గోపురం అంచు దగ్గర ఆ చుట్టుపక్కల్లో సగం గోపురం, సగం ఆకాశం. సగటు తగ్గిపోతుంది. దాంతో అంచుని ఆనుకున్న ఆకాశాన్ని తొక్కాల్సినంత తొక్కదు, దూరంగా ఉన్న ఆకాశాన్ని మాత్రం బాగా తొక్కుతుంది. అలా గోపురం చుట్టూ ఒక తెల్లటి వలయం మిగులుతుంది. దాన్నే హేలో అంటారు.

రంగు బొమ్మలో ఆ వలయం లేత నీలం. దాని పక్కనే గులాబీ, పచ్చ, పసుపు రంగుల సున్నపు శిల్పాలు. అంచు ఎక్కడుందో రంగుల తేడాయే చెప్పేస్తుంది కాబట్టి వెలుగు తేడా మీదికి చూపు పోదు. అదే బొమ్మని నలుపు తెలుపు చేయండి. దేవుడి పటం వెనక పెట్టిన ట్యూబ్ లైటు లాగా వలయం వెలిగిపోతుంది.

హేలో అనుకుని చాలామంది తిట్టుకునేది ఒక్కోసారి హేలో కాదు. కొబ్బరాకుల చివర్లలో, కరెంటు తీగల మీద లెన్స్ వదిలే ఊదారంగు గీత. రంగులో అది సన్నగా ఉండి కనబడదు. నలుపు తెలుపు చేసేటప్పుడు బ్లూ, పర్పుల్ స్లైడర్లు బాగా కిందికి లాగారనుకోండి, ఆ గీత నల్లటి తాడవుతుంది. పైకి నెడితే తెల్లటి తాడవుతుంది. మందు చాలా తేలిక: లెన్స్ కరెక్షన్‌లో క్రోమాటిక్ అబెరేషన్ తీసే గడి టిక్ పెట్టి, డీఫ్రింజ్ కాస్త సరిచేసి, ఆ తరవాతే రంగు తీయాలి. రంగు పోయాక అది ఊదాగీతో, కొమ్మ అంచో సాఫ్ట్‌వేర్‌కి కూడా తెలీదు.

ముందు బూడిద, తరవాత కుదింపు

ఈ వ్యాసంలో నేను వాదించేది ఇదొక్కటే. ఏ రంగు ఎంత బూడిద కావాలో ముందు తేల్చుకోవాలి. వెలుగు పరిధిని కుదించడం ఆ తరవాతి పని. గట్టు మీద విన్న సలహా దీన్ని తలకిందులు చేస్తోంది: ముందు రంగుల్లో కుదించి, ముదిరాక రంగు తీయమంటోంది.

తలకిందులు చేస్తే ఏమవుతుంది? రంగు బొమ్మని కుదించేటప్పుడు మీరు రంగుల కోసం నిర్ణయాలు తీసుకుంటారు. ఎర్రచీర నీడలో నల్లబడకూడదని షాడోస్ లేపుతారు, ఆకాశంలో నీలం పోకూడదని హైలైట్స్ తొక్కుతారు. ఆ రెండూ రంగుల్లో అవసరమే కావచ్చు. రంగు తీశాక చీరా ఆకాశమూ రెండూ మధ్య బూడిదలోకి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు విడదీద్దామంటే రెంటి మధ్యా తేడా మీరే చంపేశారు. మళ్లీ కాంట్రాస్ట్ పెంచుతారు, దాంతో హేలో ఇంకాస్త లావెక్కుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. లైట్‌రూమ్ లాంటి ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో స్లైడర్లని ఏ వరసలో కదిపినా ఫలితం ఒకటే, లోపల లెక్క వేసే వరస స్థిరంగా ఉంటుంది. మరి ముందూ వెనకా అనడంలో అర్థమేముంది? అర్థం ఉన్నది చూపులో. మొదటి నిమిషంలోనే ప్రొఫైల్‌ని మోనోక్రోమ్‌కి మార్చేస్తే ఆ తరవాత షాడోస్ ఎంత లేపాలో బూడిదని చూసి తేలుస్తారు. రంగు చూస్తూ తేల్చిన +80, బూడిద చూస్తే +25 దగ్గరే ఆగిపోతుంది. ఇక కుదించిన ఫలితాన్ని టిఫ్‌గానో జేపెగ్‌గానో బయటికి తీసి తరవాత రంగు తీసే పద్ధతిలో అయితే వరస నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఆ ఫైలులో తొక్కినది తొక్కినట్టే ఉంటుంది.

ఆచరణలో ఇలా. లైట్‌రూమ్‌లో ఫొటో మెర్జ్, హెచ్‌డీఆర్. ఆ పెట్టెలో ఆటో సెట్టింగ్స్ టిక్ తీసేయండి, అది సాధారణంగా హైలైట్స్‌ని కిందికి, షాడోస్‌ని పైకి లాగేసి మీ బదులు తనే నిర్ణయం తీసుకుంటుంది. వచ్చే డీఎన్‌జీ ఫైలులో ఎక్స్‌పోజర్ స్లైడర్ మామూలుగా ఉండే 5కి బదులు అటూ ఇటూ 10 వరకూ పోతుంది, అంటే పరిధి అంతా ఫైలులోనే భద్రంగా ఉంది. తెరమీద బొమ్మ చప్పగా కనబడినా కంగారు పడక్కర్లేదు. ఫొటోషాప్‌లో 32 బిట్ ఫైలుగా కలిపేవాళ్లకి ఒక చిక్కుంది: ఆ స్థితిలో బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ దొరకదు. ఛానల్ మిక్సర్ మాత్రం దొరుకుతుంది, మోనోక్రోమ్ గడి టిక్ పెట్టి అక్కడే బూడిద తేల్చుకోవచ్చు. శాచురేషన్‌ని −100కి లాగడం మాత్రం చేయకండి. అది నిర్ణయాన్ని వాయిదా వేయడం కూడా కాదు, వదులుకోవడం.

రంగు మచ్చల నాయిస్ కూడా ముందే తీయాలి. లేపిన నీడల్లో ఎరుపు, ఊదా చుక్కలుంటాయి. రంగుగా ఉన్నప్పుడు వాటిని కలర్ నాయిస్ స్లైడర్ గుర్తుపట్టి తుడిచేస్తుంది. బూడిదగా మారాక అవి బొబ్బల్లాంటి మచ్చలవుతాయి, తుడిస్తే వాటితో పాటు గోడ గరుకుదనం కూడా పోతుంది.

ఎర్ర భవనం, పచ్చ చెట్టు

చెన్నైలో రంగు తీసే పని నేర్చుకోవడానికి ఎర్ర భవనాలకి కొదవ లేదు. హైకోర్టు, ఎగ్మూరు స్టేషను, మెరీనా ఎదురుగా ఆర్కిటెక్టు చిషోమ్ కట్టిన సెనేట్ హౌసు. అన్నిటి ముందూ చెట్లు. ఫొటోషాప్ బ్లాక్ అండ్ వైట్‌లో మొదట కనబడే అంకెలు చూడండి: రెడ్స్ 40, యెల్లోస్ 60, గ్రీన్స్ 40, సయాన్స్ 60, బ్లూస్ 20, మెజెంటాస్ 80. ఎరుపుకీ ఆకుపచ్చకీ ఒకే అంకె. ఇటుక గోడా దాని ముందున్న చెట్టూ ఒకే ముద్దగా అయిపోతే ఆశ్చర్యం ఏముంది?

విడదీయడానికి అందరూ ముందు గ్రీన్ పట్టుకుంటారు. అది పెద్దగా కదలదు, ఎండలో ఉన్న ఆకుల్లో కెమెరా చూసేది ఎక్కువగా పసుపే. యెల్లో లాగాలి. లైట్‌రూమ్ మిక్స్‌లో యెల్లో −30, గ్రీన్ −20, రెడ్ +20, ఆరెంజ్ +15 దగ్గర మొదలుపెడితే భవనం ముందుకొస్తుంది, చెట్టు వెనక్కి తగ్గుతుంది. ఇవి మంత్రాలు కావు. వానకి తడిసిన ఇటుకకి ఒకలా, ఎండకి ఒకలా ఉంటాయి.

గుళ్లలో ఇంకో రకం ఇబ్బంది. పైనున్న రంగుల బొమ్మలు స్లైడర్లకి బాగా స్పందిస్తాయి, కిందున్న రాతి అధిష్ఠానం అసలు స్పందించదు. రాయికి రంగే లేదు మరి. దీనికో చిట్కా ఉంది: వైట్ బ్యాలెన్స్‌ని 5200 నుంచి 6500 కెల్విన్ వైపు జరపండి. రాయికి కాస్త పసుపు అంటుకుంటుంది, ఇక ఆరెంజ్, యెల్లో స్లైడర్లు దాన్ని కూడా కదుపుతాయి. రంగు బొమ్మలో ఇది నేరం, నలుపు తెలుపులో ఎవరికీ తెలీదు.

నూనెదీపాల వెలుగులో తీసిన బొమ్మల్లో మాత్రం బ్లూ జోలికి పోకూడదు. ఆ వెలుగులో నీలం దాదాపు లేనట్టే. బ్లూ ఛానల్‌లో ఉన్నదంతా నాయిసే. ఛానల్ మిక్సర్‌లో దానికి 20 శాతం ఇచ్చినా ఇసక పోసినట్టవుతుంది.

ఒంటిరంగు విషయంలో కోపం దాచుకోలేను. కాశిమేడు రేవులో చేపలమ్మే ఆడవాళ్ల బొమ్మలని హెచ్‌డీఆర్ చేసి, ఆరెంజ్ +40 పెట్టి, "మొహం బాగా వచ్చింది" అని పెడతారు. మొహం రాలేదు, తెల్లబడింది. నలుపుని సున్నాగా, తెలుపుని పదిగా లెక్కపెట్టే జోన్ సిస్టమ్‌లో సగటు చర్మాన్ని జోన్ 6లో పెట్టమని పాత పుస్తకాలు చెప్పింది తెల్లవాళ్ల చర్మాన్ని చూసి. మన ఒంటిరంగుని జోన్ 4, 5 మధ్య ఉంచి, చెంప మీదా ముక్కు మీదా పడిన మెరుపుని మాత్రమే పైకి పోనిస్తే చాలు. ఆ మెరుపే చెమటని, ఉప్పుగాలిని చూపిస్తుంది.

మే నెల ఆకాశం, డిసెంబరు ఆకాశం

ఎర్ర ఫిల్టరు వేస్తే నీలాకాశం నల్లబడుతుందని నలుపు తెలుపు గురించి ఎవరైనా ముందు చెప్పే పాఠం. రాజస్థాన్‌లో చెప్పుకోవచ్చు. మే ఎండలు మండే అగ్నినక్షత్రం రోజుల్లో చెన్నై ఆకాశం నీలంగా ఉండదు. సముద్రపు తేమకి పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. లేని నీలాన్ని బ్లూ −80 పెట్టి లాగితే దొరికేది ఆకాశం కాదు, నాయిస్, మెట్లు మెట్లుగా విరిగిన బూడిద. ఈశాన్య రుతుపవనం కడిగిపోయాక, డిసెంబరులో, ఓ రెండు రోజులు తెరిపి ఇస్తే అప్పుడు బ్లూ −35 కూడా చాలా ఎక్కువ.

అందుకే ఈ ఊళ్లో హెచ్‌డీఆర్‌కీ నలుపు తెలుపుకీ ఉన్న చుట్టరికం వేరు. మే నెలలో మబ్బు ఆకారం రంగులో లేదు, తక్కువ ఎక్స్‌పోజర్ ఫ్రేములో ఉంది. దాన్ని బయటికి తేవడానికి రంగు స్లైడర్ పనికిరాదు. మెర్జ్ చేసిన ఫైలులో ఆకాశానికి ఒక లీనియర్ గ్రేడియంట్ (పై నుంచి కిందికి మెల్లగా తగ్గే మాస్కు) వేసి, ఎక్స్‌పోజర్ −0.7, హైలైట్స్ −30 ఇస్తే మబ్బు కడుపు కనబడుతుంది. గ్రేడియంట్‌కి అంచులు తెలీవు కాబట్టి హేలో కూడా పెట్టదు. గోపురం కొస కాస్త నల్లబడుతుంది, ల్యూమినెన్స్ మాస్కుతో దాన్ని మినహాయించండి.

మెరీనాలో సూర్యోదయానికి ముందు ఆకాశం ఇంకో రకం పరీక్ష. 8 బిట్ నలుపు తెలుపులో ఉన్నవి మొత్తం 256 బూడిదలే. రంగులో మూడు ఛానళ్ల మెట్లు ఒకదాని లోపాన్ని ఒకటి కప్పుతాయి, ఇక్కడ ఆ సాయం లేదు. పని పూర్తయ్యేదాకా 16 బిట్‌లోనే ఉండి, చివర్లో గ్రెయిన్ 15 నుంచి 20 వేశాకే జేపెగ్ చేయాలి.

అసలు అన్ని ఫ్రేములు కావాలా?

ఈ అనుమానం నాకూ ఉంది. ఇవాళ మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఐఎస్‌ఓ 100లో 14 స్టాపుల దాకా పట్టుకుంటుంది. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం. కోనేటి గట్టు బొమ్మకి, సూర్యుడు ఫ్రేములో లేకపోతే, ఒక్క రా ఫైలు (కెమెరా పట్టినదాన్ని కుదించకుండా దాచేది) చాలు. హైలైట్స్ తెగకుండా తీసి, నీడలు కాస్త లేపుకోవచ్చు. కలిపే ఫ్రేములు లేవు కాబట్టి కదిలినవి రెండుగా కనబడే దెయ్యాలూ ఉండవు.

కానీ జార్జ్ టౌన్‌లో కొత్వాల్ చావిడి పక్క సందుల్లోకి మిట్టమధ్యాహ్నం వెళ్లండి. పైన దారమంత ఆకాశం, ఒక గోడ మీద సున్నం మండిపోతుంటుంది, కింద కిరాణా కొట్టు లోపల గోనెసంచుల వెనక ఒక్క బల్బు. ఎఫ్8, ఐఎస్‌ఓ 100 దగ్గర సున్నపు గోడకి సెకనులో 500వ వంతు కావాలి, కొట్టు లోపలికి అరసెకను. రెంటి మధ్య ఎనిమిది స్టాపులు, అదీ మధ్య వెలుగులకే. మాన్యువల్ మోడ్, మాన్యువల్ ఫోకస్, వైట్ బ్యాలెన్స్ ఒకచోట కట్టేసి, రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఫ్రేములు: 1/500, 1/125, 1/30, 1/8, 1/2. మార్చేది షట్టర్ ఒక్కటే. ఎపర్చర్ మారిస్తే ఒక్కో ఫ్రేములో ఒక్కో లోతు పదునుగా వచ్చి, కలిపినప్పుడు అంచులు రెండుగా కనబడతాయి.

ఆ సందులో మనుషులు ఆగరు. మెర్జ్‌లో డీఘోస్ట్ మీడియం పెడితే కదిలినచోట ఒక్క ఫ్రేముని మాత్రమే తీసుకుంటుంది. దాంతో బస్తా మోసే మనిషి చుట్టూ నాయిస్ ఒకలా, పక్కనున్న గోడ మీద ఇంకోలా ఉంటుంది. రంగులో పట్టించుకోం. నలుపు తెలుపులో ఆ చోటు అతుకు వేసినట్టు తెలిసిపోతుంది. మొత్తానికీ ఒకే గ్రెయిన్ వేయడం (మొత్తం 25, సైజు 25, రఫ్‌నెస్ 50) అతుకుని చాలావరకు కప్పుతుంది.

ఫోనులో తీసేవాళ్లకి ఒక్క మాట. ఫోను మీకు చూపించే బొమ్మే హెచ్‌డీఆర్, చాలా ఫ్రేములు కలిపి కుదించేసినది. దాని మీద మోనో ఫిల్టరు వేయడమంటే గట్టు మీది సలహాని ఫోను చేత చేయించడమే. రా దొరికితే రా తీయండి. లేకపోతే తెర మీద వెలుగున్న చోట తట్టి ఎక్స్‌పోజర్ కాస్త దించి తీయండి.

ఎంత నలుపు

నేను నాటుగా మాట్లాడుతున్నానని, నలుపు తెలుపంటే చేయి పెట్టకూడదన్న ఛాదస్తమని అనుకోవచ్చు. కాదు. 1850ల్లో ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ వాడి ఒకే ప్రింటు చేశాడు. అప్పటి పూతలు నీలం వెలుగుకే ఎక్కువ స్పందించేవి, ఆకాశం తెల్లగా తేలిపోయేది. అదే దశకం చివర మద్రాసు ప్రభుత్వం తరఫున తంజావూరు, మధురై గుళ్లు తీసిన లినేయస్ ట్రైప్ ఏకంగా నెగటివ్ మీద రంగు పూసి మబ్బులు గీశాడు. టోన్ మ్యాపింగ్ లెక్కల్లో పేరున్న రైన్‌హార్డ్ 2002 పద్ధతి కూడా ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌ల జోన్ సిస్టమ్ నుంచి పుట్టిందే. పరిధిని కుదించే పని నలుపు తెలుపు వాళ్లే మొదలుపెట్టారు. తేడా ఏమిటంటే, వాళ్లు ఏది పోనివ్వాలో కూడా తేల్చేవారు.

కాగితం మీదికి వచ్చేసరికి ఎలాగూ పోతుంది. మ్యాట్ కాగితం మీద గరిష్ఠ నలుపు సాంద్రత 1.6 దగ్గర, మంచి బరైటా (బేరియం పూత కాగితం) మీద 2.2 పైన. 0.3 సాంద్రత అంటే ఒక స్టాపు. అంటే మ్యాట్ మీద ఐదు స్టాపుల చిల్లర, బరైటా మీద ఏడు. సందులో పట్టుకున్న వెలుగు పరిధినంతా ఇందులోకి సమానంగా కుక్కితే ప్రతిదానికీ వచ్చేది ఇరుకు గది. మండువా ఇంటి ప్రింటులో జరిగింది అదే.

కాబట్టి సందు బొమ్మలో నేను చేయమనేది ఇది. హైలైట్స్ −60 దగ్గర, సున్నపు గోడ మీద తాపీ గీతలు కనబడేదాకా. షాడోస్ +25, గోనెసంచి నేత తెలిసేదాకా, అంతకు మించొద్దు. బ్లాక్స్ −15. క్లారిటీ బదులు టెక్స్‌చర్ +20, అది సన్నని వివరాన్నే కదుపుతుంది, వెడల్పాటి వలయాలు పెట్టదు. ఆ తరవాత డాడ్జ్, బర్న్ (కావాల్సిన చోట లేపడం, తొక్కడం) చేత్తో. కొట్టు లోపల, బల్బు వెనక ఉన్న చీకటిలో ఏముందో అరసెకను ఫ్రేముకి తెలుసు: పసుపు డబ్బాలు, ఒక క్యాలెండరు. వాటిని నల్లగా పోనివ్వండి. తక్కెడ పళ్లెం అంచు మీద బల్బు మెరుపు మిగిలితే కొట్టు ఉందని తెలుస్తుంది. వడపళని స్టూడియో ఫ్లోర్లలో సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలిగించిన వెన్నెల వెన్నెలలా అనిపించింది చుట్టూ ఉన్నదాన్ని వెలిగించకపోవడం వల్ల కూడా.

ఎక్కడ ఆపాలో తెర మీద తేలదు, తెర వెనక నుంచి వెలుగుతుంది కాబట్టి నీడలెప్పుడూ ఉన్నదానికంటే తేటగా కనబడతాయి. బ్లాక్స్ −5, −15, −25 పెట్టిన మూడు రకాలు 4×6 సైజులో, చివరికి వాడబోయే కాగితం మీదే వేయించుకుని, ఇంట్లో ట్యూబ్ లైటు కిందా కిటికీ దగ్గరా రెండు చోట్లా చూడండి. ల్యామినేషన్ వద్దని ల్యాబులో ముందే చెప్పండి, లేకపోతే అడక్కుండానే చేసిచ్చేస్తారు.